ఏనుగు మొత్తం కనిపించేంత దూరం

ఒమాన్‌లోని సోహార్‌లో నేను పనిచేసిన ఆసుపత్రిలో కంటి విభాగం కింది అంతస్తులో, మందుల షాపుకి ఎదురుగా ఉండేది. అక్కడ నాకు కొన్నేళ్లపాటు డ్యూటీ. వచ్చినవాళ్ల కళ్లలో చుక్కలు వేయడం, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టడం, డాక్టరు గదిలోకి పంపడం, చుక్కలు ఎలా వేసుకోవాలో వచ్చిన అరబ్బీలో, రాకపోతే హిందీలో చెప్పడం. నర్సాపురం దగ్గర మా ఊళ్లో ఎవరైనా అడిగితే మా అమ్మ, "మా అమ్మాయి కళ్ల నర్సండీ" అనేది, నేనే కళ్లు తయారుచేసి ఇస్తున్నంత గర్వంగా.

ఆ ఒమానీ పెద్దావిడను నేను చూసింది అక్కడే. డెబ్బై దాటిన మనిషి. నల్లటి అబాయా కింద పువ్వుల గౌను, అరచేతుల నిండా గోరింటాకు, ఒంటి నుంచి సాంబ్రాణి వాసన. ఆమె జబ్బును డాక్టర్లు గ్లాకోమా అంటారు, మనవైపు నీటికాసులంటారు. కంటిలోపల ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి అరిగిపోతూ వస్తుంది. ఆమెకు కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంట్లో నడిమధ్య చిన్న గుండ్రం మిగిలింది. కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి చూస్తే ఎంత కనపడుతుందో, ఆమెకు లోకం అంతే. ఆ గుండ్రంలో ఉన్నంతవరకు అన్నీ స్పష్టమే. సూదిలోకి దారం తనే ఎక్కించుకునేది. పక్కనున్న స్టూలు మాత్రం కనపడక, తగిలి పడబోయేది.

పడకుండా పట్టుకోవడానికి ఆమె వెంట ఒక తెలుగామె వచ్చేది. కడప జిల్లా, రాయచోటి వైపు మనిషి. ఆ ఇంట్లో పనికి కుదిరి చాలా ఏళ్లయిందట. మొదటిరోజు వరండాలో తనలో తాను, "చెయ్యి పట్టుకోమంటే పట్టుకోదు, గోడల్ని గుద్దుకుంటాది, ఏం ముసిల్దిరా నాయనా" అని గొణుక్కుంటుంటే విని, "ఏ ఊరండీ మీది?" అన్నాను. ఆమె ఉలిక్కిపడింది.

"అబ్బ, తెలుగామెవా సిస్టరమ్మా! నేను తిట్టిందంతా ఇనేసినావా?"

అప్పటి నుంచి నేను ఆమెను అక్కా అనడం, ఆమె నన్ను సిస్టరమ్మా అనడం. పెద్దావిడను ఇద్దరం మామా అనేవాళ్లం. గల్ఫ్ ఇళ్లలో పనిచేసేవాళ్లు ఇంటి పెద్దావిడను అలాగే పిలుస్తారు. ఆమె నన్ను బింతీ అనేది, నా బిడ్డా అని. తన కంటిని నేను తప్ప ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని పంతం పట్టేది.

శ్రీలంకలో యుద్ధం ముగిసిన ఏడాది అది. ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒకనాడు డాక్టరు మామా కొడుకుని లోపలికి పిలిచి, మిగిలిన చూపు ఎన్నాళ్లు నిలుస్తుందో తాను చెప్పలేనన్నాడు. కొడుకు నలభై ఏళ్ల మనిషి, పోర్టులో ఉద్యోగం. బయటికొచ్చి తల్లి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపు తలపాగా సర్దుకున్నాడు, తాళాలు తిప్పాడు. తర్వాత అడిగాడు.

"అమ్మా, నీకేం చూడాలనుంది? ఏదైనా సరే చెప్పు."

హజ్ ఆమె ఎప్పుడో చేసి వచ్చింది. మనవలు ఇంట్లోనే ఉన్నారు. మరి ఏం అడుగుతుందా అని నేను చుక్కల సీసా మూత పెడుతూ ఆగాను. ఆమె అస్సలు ఆలోచించలేదు.

"ఫీల్," అంది. ఏనుగు.

"ఏనుగా?"

"ఊహ తెలిసినప్పటి నుంచి నమాజులో ఖురాన్‌లోని ఏనుగు అధ్యాయం చదువుతున్నాను. ఏనుగెట్లా ఉంటుందో నాకు తెలియదు."

"టీవీలో చూశావు కదమ్మా!"

"టీవీలో ఏనుగూ చీమా ఒకటే సైజు."

కొడుకు నవ్వాడు. బురైమి ఊరి మీదుగా సరిహద్దు దాటితే అవతలి దేశంలో జూ ఉందని, శుక్రవారం తీసుకెళ్తానని అన్నాడు. ఆమె చేతికర్రతో నేల మీద తట్టింది.

"కట్టేసినదాన్ని కాదు. తన దారిన తాను పోయేదాన్ని చూపించు."

అడవి ఏనుగులు తేలిగ్గా కనపడేది శ్రీలంకలోనని ఎవరో చెప్పగా, అలా ఆ ప్రయాణం మాట వచ్చింది. రోజూ వేళకు చుక్కలు పడాలి కాబట్టి నన్ను కూడా రమ్మన్నారు. ఇంటికి వెళ్లడానికి దాచుకున్న సెలవుల్లో కొన్ని అటు తిప్పాను. ఫోన్లో మా అమ్మకు చెబితే, "ఏనుగులున్న అడవిలోకా? ఆసుపత్రి డ్యూటీ అని చెప్పి అడవిలో పడేస్తారేంటే నిన్ను?" అంది. నిజం చెప్పాలంటే నాకు లోపల లోపల సంబరంగా ఉంది. నేను కూడా సర్కస్ ఏనుగును తప్ప ఏనుగును చూసినదాన్ని కాదు. సంబరం లేనిది అక్కకే.

"అడివిలో నాకేం పని సిస్టరమ్మా? నేను పుట్టిందే అడివి పక్కన. దాన్ని ఇడిసిపెట్టి ఈడికొచ్చి ఏసీలో బతుకుతాంటే, మళ్లా ఇమానమెక్కించి అడివికే తోల్తారంట!"

కానీ ఆమె చెయ్యి లేకుండా మామా అడుగు వేయదు. ఆమె కూడా బట్టలు సర్దుకుంది.

* * *

జూలైలో బయలుదేరాం. సోహార్‌లో కారు తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి కాలే రోజులు. కొలంబోలో దిగేసరికి వాన. వ్యాను ఊరు దాటాక మామా కిటికీ అద్దం దించమని, చెయ్యి బయటపెట్టి, అరచెయ్యి నిండితే ఒలకబోసి, మళ్లీ పెట్టేది. దారి పొడవునా అరటితోటలు, వరిచేలు, ఇళ్లమీదికి వాలిన కొబ్బరిచెట్లు. నాకు గోదావరి జిల్లా గుర్తొచ్చింది. మామాకు మాత్రం వేరే దిగులు.

"ఇన్ని చెట్లకి నీళ్లు ఎవరు పెడతారు?" అని కొడుకుని అడిగింది.

"ఎవరూ పెట్టరమ్మా. వానే."

"ఊరికే పడేదానికి ఇంత పచ్చదనమా?" అని తల ఊపింది. పూర్తిగా నమ్మినట్టు కనిపించలేదు.

ఉడవలవే అనే ఊరి దగ్గర పెద్ద జలాశయం, దాని చుట్టూ నేషనల్ పార్కు. మర్నాడు మధ్యాహ్నం పార్కు గేటు దగ్గర జీపు ఎక్కాం. పైన టాపు, పక్కలన్నీ తెరిచి ఉన్నాయి, సీట్లు మనిషెత్తున ఉన్నాయి. మామాను ఎక్కించడం ఒక ఘట్టం. కొడుకు పైనుంచి చేతులు పట్టుకున్నాడు, అక్క కింద నుంచి ఎత్తింది, డ్రైవరు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. అతను కొన్నాళ్లు మస్కట్‌లో నీళ్ల ట్యాంకరు నడిపాడట, అరబ్బీ ముక్కలు బాగానే వచ్చు. "మెల్లగా, మామా, మెల్లగా" అని అతను అరబ్బీలో అనేసరికి ఆమె మొహం వెలిగిపోయింది. ఈ ఊరివాళ్లు మర్యాద తెలిసినవాళ్లని అక్కడికక్కడే తేల్చేసింది.

నేను మామాకు ఎడమపక్కన కూర్చున్నాను. ఒళ్లో ఐస్ వేసిన ఫ్లాస్కు, అందులో ఆమె చుక్కల సీసాలు. అక్క కుడిపక్కన, మామా నడుము చుట్టూ చెయ్యి వేసి. కొడుకు ముందు సీటులో.

గేటు దాటగానే గడ్డిమైదానం. అక్కడక్కడ ముళ్లపొదలు, ఎర్రమట్టి దారి, దూరంగా నీలపు కొండలు. నెమళ్లు దారికి అడ్డంగా తిరుగుతున్నాయి. ఒక నీటిమడుగులో గేదెలు ముక్కులు మాత్రం పైకి పెట్టి మునిగి ఉన్నాయి. వాటితోనే నేను మామాకు చూపించడం నేర్చుకున్నాను. "అటు చూడు" అంటే ఆమెకు పనికిరాదు. ఆమె చూపు టార్చిలైటు వెలుగులాంటిది. దాన్ని నడిపించాలి. "ఎడమకి మామా. ఇంకొంచెం. ఇప్పుడు కిందికి. ఆగు." ఆగినచోట గేదె కొమ్ము ఉంటే ఆమె పట్టు నా మణికట్టు మీద బిగిసేది. "కొమ్ము," అనేది. కొమ్ము వెంట మొహానికి, మొహం వెంట చెవికి తనే వెళ్లేది.

జీపు ఒక మలుపు తిరిగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

దారి పక్కన పొదలు కదిలాయి. ఏ చప్పుడూ లేకుండా ఒక ఏనుగు బయటికొచ్చింది. ఆ నిశ్శబ్దమే నన్ను మొదట భయపెట్టింది. అంత పెద్ద ప్రాణి నడుస్తుంటే నేల అదరాలి కదా అనుకుంటాం. చీరకట్టుకున్న మనిషి నట్టింట్లో నడిచినంత చప్పుడు కూడా లేదు. అది నేరుగా మా జీపు పక్కకే వచ్చి, గడ్డి దగ్గర ఆగింది. నేను చెయ్యి చాపితే అందుతుందేమో అన్నంత దగ్గర. తడిమట్టి, నలిగిన గడ్డి, పశువులకొట్టం కలిసిన వాసన. దాని కడుపులోంచి, దూరాన ఉరిమినట్టు ఒక గుడగుడ. అది చెవికంటే ముందు నా ఎముకలకు వినిపించింది.

అక్క మామా భుజం వెనక మొహం దాచుకుంది. "సామీ, సామీ, మా దిక్కు రావాకు సామీ."

మామా సూటిగా ఏనుగు వైపే చూస్తోంది. కళ్లు చిట్లిస్తోంది.

"బింతీ, ఈ గోడేంటి?"

"ఏ గోడ మామా?"

"నా ఎదురుగా. బూడిదరంగు గోడ. ఏనుగును కనపడనివ్వడం లేదు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఆ చిన్న గుండ్రంలోకి ఏనుగు పట్టడం లేదు. ఆమె చూస్తున్నది దాని పక్కటెముకల మీది చర్మం.

"గోడ కాదు మామా. అదే. అదే ఏనుగు."

ఆమె నా చెయ్యి పట్టుకుని, "నడిపించు," అంది.

నడిపించాను. వీపు మీదుగా, ముడతల మీదుగా, గోధుమరంగు వెంట్రుకలు నిలబడ్డ నడినెత్తి మీదుగా. చెవి దగ్గర ఆగాం. చెవి అంచున గులాబిరంగు మచ్చలు, చిరిగిన చేటలా ఒక నొక్కు. చెవి విసిరినప్పుడల్లా అది ఆమె గుండ్రంలోంచి మాయమై మళ్లీ వచ్చేది, వచ్చినప్పుడల్లా ఆమె "హా" అనేది. తొండం వెంట కిందికి దిగాం. గడ్డిని తొండంతో చుట్టి, ముందుకాలి గోటితో దుబ్బు మొదట్లో తన్ని పెకలించి, దానికి అంటుకున్న మట్టి రాలేలా మోకాలికేసి కొట్టుకుని, అప్పుడు నోట్లో పెట్టుకుంటోంది. మా అమ్మ తోటకూర కట్టను కాలవలో జాడించి దులిపినట్టే.

"శుభ్రం తెలిసిన మనిషి," అంది మామా గుసగుసగా.

చివరగా కన్ను. అంత శరీరానికి అంత చిన్న కన్ను. తేనెరంగు పాప, పొడవాటి కనురెప్ప వెంట్రుకలు. కళ్ల నర్సుని కదా, వేల కళ్లలోకి చూసి ఉంటాను. ఏ కన్నూ నన్ను అలా చూడలేదు. అందులో భయం లేదు, కోపం లేదు, మేమంటే ప్రత్యేకంగా ఆసక్తీ లేదు. మేం అక్కడ ఉన్నామని దానికి తెలుసు, అంతే. మామా ఆ కంటి దగ్గర ఆగి కదల్లేదు. ఆమె పెదవులు ఆడుతున్నాయి, చప్పుడు లేకుండా ప్రార్థన చేస్తోంది. నాక్కూడా ప్రార్థన చేయాలనిపించింది. ఆదివారం చర్చిలో నోటికొచ్చిన కీర్తనలన్నీ ఆ క్షణాన ఎక్కడికో పోయాయి. "ప్రభువా" అన్న ఒక్క మాట మిగిలింది.

ఏనుగు తన గడ్డి తాను తిని, తన దారిన తాను పోయింది. పొద మళ్లీ మూసుకుంది.

చాలాసేపటికి కొడుకు వెనక్కి తిరిగాడు. అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "చూశావా అమ్మా?"

"కన్ను చూశాను. చెవి చూశాను. కాలిగోళ్లు చూశాను," అంది ఆమె. "ఏనుగును చూడలేదు. ఏనుగు మొత్తం ఎక్కడుంది?"

అతని మొహం వాడిపోయింది. ఇంకా దగ్గరికి వచ్చే ఏనుగు ఏదైనా ఉందా అని డ్రైవరును అడిగాడు. అప్పుడు నాకు ఆసుపత్రి గది గుర్తొచ్చింది. దగ్గరుంటే ఆమెకు నా మొహం ఎప్పుడూ పూర్తిగా కనిపించేది కాదు. చుక్కలు వేస్తున్నప్పుడు నా ముక్కో, గడ్డమో కనిపించేది. గది అవతల తలుపు దగ్గర నిలబడినప్పుడే, "ఈరోజు బాగున్నావు బింతీ" అనేది.

"దగ్గరికి వద్దు," అన్నాను. "దూరం పోదాం. బాగా దూరం."

కొడుకు వింతగా చూశాడు. డ్రైవరుకు హిందీలో, అరబ్బీలో, చేతులతో వివరించాను. అతను కాసేపు గడ్డం గోక్కుని, జీపు తిప్పాడు. ఎదురుగా వచ్చే జీపులన్నీ ఏనుగులకు దగ్గరగా పోవాలని దుమ్ము లేపుతూ పోతున్నాయి. మా ఒక్క జీపే వాటికి ఎదురు, నీళ్ల వైపు.

జలాశయం ఒడ్డున ఒక మిట్ట మీద ఆపాడు. ముందు వెడల్పాటి నీళ్లు. నీళ్లలో ఎప్పుడో మునిగి చచ్చిన చెట్ల మోళ్లు తెల్లగా నిలబడి ఉన్నాయి, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పొద్దు వాలుతోంది. అవతలి ఒడ్డున ఏమీ లేదు. మేం ఎదురు చూశాం. అక్క డబ్బా తీసి అందరికీ ఖర్జూరాలు పంచింది. డ్రైవరుకు రెండు ఎక్కువ.

అవతలి గట్టు మీద చెట్లు విడివడి, ఏనుగుల మంద దిగింది. ముందు ఒక పెద్దది, ఆగి గాలి వాసన చూసింది. దాని వెనక మిగతావి, వాటి కాళ్ల మధ్య గున్నలు. నీళ్లు కనపడగానే గున్నలు పరుగు. ఒక గున్న గట్టు జారి, చతికిలబడి బురదలో పడింది.

"కుడికి మామా. నీళ్ల మీదుగా పో. తెల్లచెట్టు. దాన్ని దాటు. ఇప్పుడు ఆగు."

ఆమె ఆగింది. మెడ కొద్దిగా ముందుకు చాచింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటే విప్పుకోవడం చూశాను.

"వల్లా," అంది, దేవుడి తోడన్నట్టు. "నాలుగు కాళ్లు. తోక. తొండం. అంతా ఉంది. బింతీ, మొత్తం ఉంది!"

కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి చాపి, కంటి ముందు పెట్టుకుంది. గోరింటాకు పండిన ఆ అరచేతి మీద, అంత దూరాన ఉన్న ఏనుగును నిలబెట్టుకుంది.

"ఇదిగో. నా చేతిలో పట్టింది," అని చిన్నపిల్లలా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడిస్తే చుక్కలు కారిపోతాయని అనబోయి ఊరుకున్నాను.

అవతల పెద్ద ఏనుగులు నీళ్లు తాగి వీపుల మీద చల్లుకుంటున్నాయి. బురదలో పడ్డ గున్న పైకి ఎక్కబోతూ జారుతోంది. ఒక ఏనుగు వెనక్కి వచ్చి, తొండం దాని పిర్రల కింద పెట్టి, ఒక్క తోపు తోసింది. గున్న పైకొచ్చి, ఏమీ జరగనట్టు మిగతావాటిలో కలిసిపోయింది. మామా పొట్ట పట్టుకుని నవ్వింది. అక్క కూడా భయం మర్చిపోయి, "నిన్ను జీపెక్కించడానికి నేను తోసింది కూడా ఇట్లనే మామా!" అని వచ్చీరాని అరబ్బీలో అంది. మామా దానికీ నవ్వింది.

పొద్దు గుంకే ముందు నీళ్లు రాగిరంగుకు తిరిగాయి. మందంతా నల్లగా, ఒకదాని వెనక ఒకటి, గట్టెక్కి చెట్లలోకి పోయింది. చివరి తోక మాయమయ్యేదాకా మామా చెయ్యి దించలేదు.

* * *

రెండురోజుల తర్వాత యాల అనే మరో పార్కుకు వెళ్లాం. అది సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. పొడి అడవి, బండరాళ్ల గుట్టలు, ఎర్రదుమ్ము. తెల్లారి ఎండ పడుతుండగా లోపలికి వెళ్లాం. దుప్పుల మందలు దారి పక్కనే మేస్తున్నాయి. మామా ఇప్పుడు ఆరితేరింది. నేను ఎడమ, కుడి అని చెప్పకముందే దూరంగా వెతికి, గుండ్రంలోకి ఒక్కొక్క దుప్పిని తెచ్చుకుని, మెచ్చుకుని, వదిలేస్తోంది.

ఒకచోట డ్రైవరు వేగం తగ్గించాడు. దారికి కాస్త అవతల ఒక చెట్టు కింద నల్లటి ముద్దలాంటిది కదులుతోంది. నేను పోల్చుకునేలోపే అక్క లేచి నిలబడింది.

"ఎలుగ్గొడ్డు! సిస్టరమ్మా, ఎలుగ్గొడ్డు! మా ఊరి ఎలుగ్గొడ్డే!"

నిజంగానే ఎలుగుబంటి. మెడ చుట్టూ జూలు, ఎదురురొమ్ము మీద తెల్లని మచ్చ, కొడవళ్లలాంటి గోళ్లు. రాలిన పసుపుపచ్చ పండ్లను ఏరుకుని, పెదాలు ముందుకు సాచి, చప్పరిస్తోంది.

"ఏం తింటోందక్కా?"

"పాలపండ్లు! అవి మా గుట్టల్లో కాస్తాయి. చిన్నప్పుడు మేం పొద్దన్నే పోయి ఏరుకుంటాంటిమి, ఇది మాకంటే ముందొచ్చింటాది. మా నాయన కట్టె తట్టుకుంటా, అరుచుకుంటా పోతాండె. ఈడ కూడా అదే చెట్టు, అదే పండు, అదే గొడ్డు. చూడు, ఆ కూర్చునేది చూడు, మా పెద్దమ్మ మాదిరే!"

ఏనుగును చూసి వణికిన మనిషి, గోళ్లున్న ఎలుగుబంటిని చూసి చేతులు ఊపుతోంది. అది తలెత్తి ఒకసారి మా వైపు వాసన చూసి, మళ్లీ పండ్ల మీద పడింది. జీపు కదిలాక అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. వెనక్కి తిరిగి ఆ చెట్టు కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత, "పండు ఒక్కటి దొరికుంటే బాగుండు, నోట్లో ఏసుకుందును," అంది.

గుట్టల మధ్య దారి సన్నబడింది. ఎక్కడో దుప్పి ఒకటి గట్టిగా, కుక్క మొరిగినట్టు అరిచింది. డ్రైవరు వేలు పెదాల మీద పెట్టాడు. కొండముచ్చులు కొమ్మల మీద బిగుసుకుపోయాయి. అంతలో మా ముందే, దారి మీదికి చిరుత వచ్చింది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేను. ఒక క్షణం లేదు, మరు క్షణం ఉంది. అలా వచ్చింది. ఉదయపుటెండ దాని వీపు మీద పడి, మచ్చల మధ్య బంగారంలా మెరిసింది. భుజాలు ఒకదాని తర్వాత ఒకటి లేచి దిగుతున్నాయి. దారి మధ్యలో ఆగి, తల తిప్పి, నా వైపు చూసింది. జీపులో ఐదుగురం ఉన్నాం. నన్నే చూసిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. అడుగు వేసింది, ఇంకో అడుగు, పొదల్లోకి తోక జారిపోయింది. అయిపోయింది.

"ఎక్కడ బింతీ? ఎక్కడ?" మామా తల అటూ ఇటూ తిప్పుతోంది. ఆమె చూపు దారి మీదికి వచ్చేసరికి అక్కడ దుమ్మే మిగిలింది.

నాకు ప్రాణం ఉసూరుమంది. "పోయింది మామా. నేను చెప్పలేకపోయాను. నాకే నోరు రాలేదు."

ఆమె నిరాశపడుతుందనుకున్నాను. ఆమె నా చేతిని తన ఒళ్లోకి లాక్కుంది. "నువ్వు చూశావు కదా? మొత్తం చూశావు కదా? మరి చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. నా ఆసుపత్రి అరబ్బీలో నొప్పి, మంట, ఒత్తిడి, పైకి చూడు, కిందికి చూడు లాంటి మాటలే ఉన్నాయి. చిరుతకు పేరే తెలియదు. "పెద్ద పిల్లి" అన్నాను. "నిమ్ర్," అంది ఆమె, "మా దేశంలో, దోఫార్ కొండల్లోనూ ఉందంటారు. ఎవరికీ కనపడదు." రంగు చెప్పడానికి ఆమె చేతి బంగారు గాజు చూపించాను. మచ్చలకు ఆమె వేళ్ల కొసల గోరింటాకు. నడక చెప్పడానికి నా భుజాలు కదిపి చూపించబోతే, ఆమె నా భుజం మీద చెయ్యి వేసి తడిమి చూసింది. తోక కొస ఏ వైపు వంగిందని అడిగింది. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాను. నాకు తెలియకుండానే అంతా చూశాను. పైకి వంగింది.

"సుభానల్లా," అంది మామా, స్వయంగా చూసినంత తృప్తిగా.

* * *

సోహార్ తిరిగొచ్చాం. మళ్లీ అదే వరండా, అవే చుక్కలు. చలికాలం వచ్చాక ఒక శుక్రవారం ఆ ఇంటివాళ్లు బురైమి వెళ్లే దారిలో, కొండల మధ్య వాదీ ఒడ్డుకు టీ తాగడానికి పోతూ నన్నూ తీసుకెళ్లారు. వాదీ అంటే వానొస్తే పారే ఏరు, మిగతా కాలమంతా రాళ్లు. ఏళ్ల తరబడి ఆ దారిన పోతూ ఆ కొండల్లో ఏమీ లేదనే అనుకున్నాను. చాప పరిచారు, పిల్లలు రాళ్లు విసురుతున్నారు. మామా ఎదురుగా ఉన్న కొండవాలు మీద చూపును మెల్లగా జరుపుతోంది, ఒక కొస నుంచి ఇంకో కొసకి, మళ్లీ వెనక్కి.

"అదిగో బింతీ."

"ఏంటి మామా?"

"తెల్లరాయి ఉంది. దాని పైన ఇంకో రాయి. ఆ రాయికి చెవులున్నాయి."

నాకు కనపడలేదు. కొడుకుకీ కనపడలేదు. అందరం నిలబడి వెతికాం. "ఇంకా పైకి. ఇంకా. మీకు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి, అందుకే దొరకదు," అంది ఆమె. అప్పుడు ఆ రాయి తల తిప్పింది. జింక. కొండ రంగే ఉంది, సన్నని కాళ్ల మీద, మమ్మల్నే చూస్తోంది. పిల్లలు కేకవేసేసరికి రెండు గెంతుల్లో శిఖరం దాటిపోయింది. మామా టీ కప్పు అందుకుంది.

ఆ తర్వాత చూపు ఎంతో కాలం నిలవలేదు. గుండ్రం చిన్నదవుతూ వచ్చి, ఒక వేసవిలో వెలుగూ చీకటీ తేడా మాత్రం మిగిలింది, తర్వాత అదీ పోయింది. డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. ఆమె ఏడ్చి గొడవ చేయలేదని అక్క చెప్పింది. కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదట, తర్వాత మళ్లీ అందరినీ అదిలించడం మొదలుపెట్టిందట.

అదే రోజుల్లో నాకు మస్కట్ ఆసుపత్రిలో పని దొరికి, ఆ ఊరి చివర మబేలాలో రూమ్ తీసుకున్నాను. సెలవు రోజున అక్క ఫోన్ చేసేది.

"మామా అడగతాండాది సిస్టరమ్మా, ఈ వారం ఏం చూసినావని."

"మబేలాలో ఏముంటాయక్కా? షాపులు, లారీలు. పిల్లులు తప్ప ఏమీ లేవు."

అవతల అక్క అరబ్బీలో ఏదో చెప్పడం, మామా గట్టిగా ఏదో అనడం వినిపించాయి.

"పిల్లులుంటే పిల్లుల గురించే చెప్పమంటాండాది. స్పీకరు పెట్టినా, చెప్పు."

మా బిల్డింగు కింద, ఏసీ నీళ్లు కారే మూల, ఒక గోధుమరంగు పిల్లి పిల్లల్ని పెట్టి ఉంది. కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూస్తూ, దాని చెవుల దగ్గర నుంచి మొదలుపెట్టాను.